బుష్ వేయాలా, వద్దా

కొండాపూర్‌లోని మా ఫ్లాట్ బాల్కనీలో, బట్టలు ఆరేసుకునే చోట, దసరా వెళ్ళినప్పటి నుంచి ఒక ఇంజిన్ బ్లాకు కూర్చుని ఉండేది. అది నా పాత కారుది. ఉద్యోగకాలమంతా ఒక కార్ఖానాలో కొలతలు తనిఖీ చేసిన నాకు రిటైరయ్యాక మిగిలిన వ్యాపకం ఆ కారు. కోకాపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అమ్మాయికి దాన్ని పాత కార్ల రేసులో నడపాలని పట్టుదల. నన్ను అడక్కుండానే పేరు ఇచ్చేసింది.

సమస్య ట్యాపెట్ల దగ్గర వచ్చింది. బ్లాకులో వరుసగా గుండ్రటి రంధ్రాలుంటాయి. వాటిలో ట్యాపెట్లనే చిన్న ఉక్కు గిన్నెలు పైకీ కిందికీ జారుతూ వాల్వులు తెరుచుకునేలా చేస్తాయి. మావి వదులుగా ఉన్నాయి. ఊళ్ళో తిరగడానికైతే ఫరవాలేదు. రేసులో ఇంజిన్‌ను పూర్తి వేగంతో తిప్పితే ట్యాపెట్ ఒరుగుతుంది, సందులోంచి ఆయిల్ కారిపోతుంది, ఆయిల్ అందక బేరింగులు పట్టేస్తాయి. దానికి విరుగుడు రంధ్రాలను పెద్దవి చేసి లోపల బుష్‌లనే కంచు గొట్టాలు బిగించడం. అయితే రంధ్రాల చుట్టూ గోడ పల్చన. కోత కాస్త పక్కకు పోతే ఇక ఆ బ్లాకు పనికిరాదు. అలాంటిది ఇంకొకటి దొరకడం కష్టం.

దసరాకు ముందు బ్లాకూ ట్యాపెట్లూ కడిగించింది ఖాజాగూడలోని లేత్ షాపులో. షాపతనికి ఏ అనుమానమూ లేదు.

"రేసింగ్ అంటే బుష్‌లు ఏసుడే సార్. ఇగ సోచాయించుడేంది?"

"నువ్వు కొలిచావా?"

"కొలుసుడెందుకు? ఏలు పెట్టి ఊపితే తెలుస్తలేదా? గింత భయమైతే బండిని అద్దాల బీరువాల పెట్టుకోండ్రి."

మా అమ్మాయి అంతకంటే తొందర. ఫోన్‌లో విదేశీ వీడియోలు చూపించి, "రేసు ఇంజిన్లన్నిటికీ వేస్తున్నారు నాన్నా, చూడు" అనేది. ఆ ఇంజిన్లు వేరు, ఇది వేరు అంటే వినదు.

"మా ఆఫీసులో అయితే ఈపాటికి మూడు మీటింగులు పెట్టి తేల్చేసేవాళ్ళం."

"మూడు మీటింగులు పెట్టేది తేల్చకుండా ఉండడానికే కదమ్మా."

ఆమె నవ్వలేదు. రేసు దగ్గర పడుతోంది.

తెలిసినవాళ్ళ దగ్గర రంధ్రాల లోపలి కొలత తీసే బోర్ గేజి తెచ్చి ప్రతి రంధ్రాన్నీ పైన, మధ్యలో, కింద కొలిచాను. ఎక్కడా పెద్ద తేడా లేదు. అరిగిన రంధ్రం అంత సమంగా ఉండదు. మరి ట్యాపెట్ ఎందుకు ఊగుతోంది? కొత్తగా ఉన్నప్పుడు దాని కొలత ఎంతో చెప్పే పుస్తకం దొరకలేదు. మళ్ళీ కొలిచాను. కింద రోడ్డు మీద హారన్లు, ఇంట్లో అమ్మాయి వీడియోలు. ఆ రోజుల్లో నా డైరీ నిండా ఒకటే మాట: తేలలేదు.

ఒక ఉదయం చిరాకుతో ట్యాపెట్‌ను ఎండలో తిప్పి చూశాను. వెండి గిన్నెలా మెరుస్తోంది. దాని మీద సన్నటి గీతలు చుట్టూ తిరిగి ఉన్నాయి. పైకీ కిందికీ జారే వస్తువు మీద గీతలు నిలువుగా పడాలి. లేత్‌కు బిగించి తిప్పితేనే అలా చుట్టూ పడతాయి. తక్కినవన్నీ చూశాను. అన్నిటిదీ అదే వరస. జేబులో ఒకటి వేసుకుని ఖాజాగూడ వెళ్ళాను.

"ఇది లేత్ మీద పెట్టావా?"

"అవ్ సార్. ఆయుధ పూజకు షాపుల ఉన్న సామానంతా మెరవాలె గద! ఎమరీ కాయితం పెట్టి మస్తు మెరిపిచ్చిన. మీయి నల్లగ ఉండె, అమ్మవారి ముంగట ఎట్ల పెడత?"

"అమ్మవారు అడిగిందా, ట్యాపెట్లు అరగదీయమని?"

"గరం గాకుండ్రి సార్. పైసలు గూడ తీసుకోలే."

అదే రకం కారున్న మిత్రుడిని బతిమాలి, వాడని కొత్త ట్యాపెట్ ఒకటి తెచ్చాను. నూనె రాసి రంధ్రంలో వదిలితే ఊగకుండా, తన బరువుకు తానే నెమ్మదిగా దిగింది. అన్ని రంధ్రాల్లోనూ అంతే. బుష్‌లు అక్కర్లేదు. కావలసింది కొత్త ట్యాపెట్లు. అవి చెన్నై నుంచి రావాలి.

అమ్మాయికి చెప్పాను.

"అంటే రేసుకు రావు."

"రావు."

"బుష్‌లు వేయించుంటే?"

"ఆ అరగదీసిన ట్యాపెట్లకు సరిపడా వేసేవాడు. నీ రేసు అయ్యేది. బ్లాకు మిగిలేదో లేదో చెప్పలేను."

పేరు తీయించుకుంది.

రేసు అయిపోయిన మర్నాడు పార్శిల్ వచ్చింది. ఆఫీసు నుంచి వచ్చి బ్యాగైనా దించకుండా బాల్కనీలోకి వెళ్ళి, ఒక ట్యాపెట్‌కు నూనె రాసి రంధ్రంలో వదిలింది. అది దిగుతుంటే వంగి చూసింది.

"బాగానే దిగుతోంది" అంది. "నిన్న దిగాల్సింది నాన్నా."

తక్కినవి నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.