ఇంజన్‌కి పెట్టిన ఫ్లాస్కు బిరడా

నా చిన్నప్పుడు, పదేళ్లు నిండకముందే, డెట్రాయిట్ దగ్గరి మా అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో ఒక కారింజన్ని ఒంటిచేత్తో బాగుచేశాను. మా నాన్న పక్కన నిలబడి చూశారు, అంతే. ఈ మాట మనవలకి ఎన్నిసార్లు చెప్పానో. చెప్పినప్పుడల్లా ఇంజన్ కొంచెం పెద్దదవుతుంది, మంచు ఇంకాస్త ఎక్కువ కురుస్తుంది.

నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు. అక్కడున్న నాలుగైదు తెలుగు కుటుంబాలకీ అంతవరకే తెలుసు. ఎవరి కారు మొరాయించినా ఆదివారం మా ఇంటి ముందుకొచ్చి ఆగేది. ఆయన బానెట్ ఎత్తి, గంభీరంగా లోపలికి చూసి, "ఊఁ, చూద్దాం" అనేవారు. నిజానికి ఆఫీసులో ఆయన గీసేవి కారు తలుపుల పిడులు. అలాంటి మనిషి మెకానిక్ దగ్గరికి వెళ్తే పరువేం కాను?

ఆ చలికాలం మా పాత స్టేషన్ వ్యాగన్ కారు ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. వారానికో డబ్బా పోసినా చాలేది కాదు. వెనక నీలంగా పొగ. శనివారం పొద్దున్నే అమ్మ రాష్ట్ర రాజధాని లాన్సింగ్ వెళ్లి నర్సు లైసెన్సు పరీక్ష రాయాలి. కాకినాడలో ఎనిమిదేళ్లు వార్డు నడిపిన మనిషి, ఇక్కడికొచ్చి రెండేళ్లుగా ఒక లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతోంది. ఈ పరీక్ష తప్పితే మళ్లీ నెలల తరబడి దుప్పట్లే.

శుక్రవారం మధ్యాహ్నం నాన్న సెలవు పెట్టి వచ్చారు. క్యాంటీన్‌లో ఎవరో చెప్పారట: ఇంజన్ కడుపులో పుట్టే ఆవిరిని పైకి లాగి మళ్లీ కాల్పించే గొట్టం ఒకటుంటుంది, ఆయిల్ దాంట్లోంచే పోతుంది, దాన్ని తప్పిస్తే సరి అని. పీకేశారు. ఆ చోట గుడ్డ కుక్కారు. ఆవిరికి ఇంకో దారి కూడా ఉంది, దానికి బిరడా కావాలి. ఎక్కడిదో ఒకటి దొరికింది. కొలిచి చేసినట్టు పట్టింది.

నేను టార్చి పట్టుకున్నాను. ఒంటిచేత్తో అన్నది పూర్తిగా అబద్ధం కాదు, టార్చికి ఒక చెయ్యి చాలు.

పార్కింగ్‌లో నాలుగు చుట్లు తిరిగాం. పొగ తగ్గినట్టే అనిపించింది. నాన్న ఈలవేస్తూ ఇంజన్ ఆపకుండానే దిగి బానెట్ ఎత్తారు. ఆయిల్ కొలిచే పుల్ల టప్పున పైకి లేచింది. దాని వెనకే నల్లటి ఆయిల్ చిమ్మి ఆయన తెల్లచొక్కా మీద పడింది. సరిగ్గా అప్పుడే అమ్మ తలుపు తీసి, "ఏమండీ, నా కాఫీ ఫ్లాస్కు బిరడా ఏమైనా చూశారా?" అంది.

చూసింది. మమ్మల్ని వంటింట్లోకి రమ్మంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. గిన్నెకి మూత బిగించి దాని మీద పొత్రం పెట్టింది. నిమిషంలో గంజి పొంగి నాలుగు వైపులా కారింది. పొత్రం తీసి, మూత ఓరగా జరిపితే పొంగు చల్లారింది.

"లోపల ఉడికేదానికి ఊపిరాడే దారి ఉండొద్దా అండీ? తెలియకపోతే తెలియదనండి. నాకు రేపు పొద్దున్నకి లాన్సింగ్ చేరడమే కావాలి."

నాన్న ఆ మరకల చొక్కాతోనే కింది ఇంటికి దిగారు. అక్కడ ఒక తెల్లాయన ఉండేవాడు, జీవితమంతా గ్యారేజీలో గడిపిన ముసలాయన. "నేను గీసేది తలుపుల పిడులు. ఇంజన్ సంగతి నాకు తెలియదు" అని నాన్న ఒప్పుకోవడం నేను మొదటిసారి విన్నది అప్పుడే. ముసలాయన కడుపుబ్బ నవ్వి కోటు తొడుక్కున్నాడు. పీకిన గొట్టం చివర్లోంచి బొటనవేలంత వాల్వు ఒకటి లాగి నా చెవి దగ్గర ఊపాడు. చప్పుడు లేదు. జిడ్డు పట్టి, తెరుచుకున్నచోటే ఇరుక్కుపోయి, ఆవిరితోపాటు ఆయిల్‌నీ లాగేస్తోందన్నాడు. కొత్తది తెచ్చి ఊపితే గలగలమంది. అది పెట్టి, గొట్టం ఎప్పటిలా తగిలించి, మేం కుక్కినవన్నీ పీకేశాడు.

అమ్మ వేళకి చేరింది. పాసైంది. రిటైరయ్యేదాకా ఆసుపత్రిలోనే పనిచేసింది. ఆ తర్వాత ఆదివారం ఎవరి కారొచ్చినా నాన్నే వాళ్లని కింది ఇంటికి తీసుకెళ్లేవారు, పైగా హుషారుగా.

ఉద్యోగం చేసినన్నాళ్లూ, మీటింగులో "నాకు తెలియదు" అనాల్సి వచ్చినప్పుడల్లా ఆ చొక్కా గుర్తొచ్చేది. అనేశాక గుండె తేలికయ్యేది. కథలు చెప్పే దగ్గర మాత్రం ఇంకా సాధన చేస్తున్నాను.

ఇంతవరకు రాసి, డెట్రాయిట్ పక్కన నోవైలో మా ఇంట్లోనే ఉంటున్న అమ్మకి చదివి వినిపించాను. తొంభైకి దగ్గరపడింది, చెవులు మాత్రం చురుకు.

"ఎక్కడిదో దొరికిందేంట్రా? అలమరలోంచి ఎత్తుకెళ్లి ఇచ్చింది నువ్వు కాదూ! మీ నాన్నగారు ఆ రోజే ఒప్పుకున్నారు, నువ్వు ఇప్పటికీ ఒప్పుకోలేదు. బిరడాని ఎంత కడిగినా ఆ ఆయిల్ కంపు పోలేదు. పరీక్షకి కాఫీ లేకుండా వెళ్లింది నేను. ముందు అది రాయి."