శనివారం కూడికలో పంది కిడ్నీ వార్త

ఇవాళ పొద్దున వంటింటి గడప మీద కూర్చుని గోంగూర ఒలుస్తున్నాను. బడికి సెలవని మా కోడలు తీరిగ్గా కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోనులో వార్తలు చూస్తోంది. ఉన్నట్టుండి, "అత్తయ్యా, విన్నారా! మళ్ళీ ఎవరికో పంది కిడ్నీ పెట్టారట. ఆ మనిషి లేచి నడుస్తున్నాడట" అంది. పాపం, ఆ పిల్ల ఈ ఇంటికి వచ్చి రెండేళ్ళే అయింది. ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరని దానికి తెలియదు. నా చేతిలో గోంగూర కాడ చేతిలోనే ఉండిపోయింది. "ఈ వార్త నాకు తెలుసమ్మా" అన్నాను. "నిన్నటిదండీ ఇది, మీకెలా తెలుసు?" అని నవ్వింది. "ఇది కాదు, దీనికి ముందు వచ్చింది. మా అన్నయ్య కూడికలో చదివాడు" అని, ఆ వార్త మొత్తం మొదటి ముక్క నుంచి చివరిదాకా ఒప్పచెప్పాను. నేను చదివింది మూడో తరగతి. గోడల మీద పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుంటాను గాని పేపరులో అక్షరాలు చీమలబారులా కదులుతాయి. అందుకే కాబోలు, చెవిలో పడ్డది బయటికి పోకుండా దేవుడు నాకు మూత బిగించాడు.

మా అన్నయ్య పదో తరగతి దాకా చదివాడు. ఇబ్రహీంపట్నం కరెంటు కేంద్రం దగ్గర బూడిద లారీలకు చీటీలు రాసే కాంట్రాక్టు పని చేసేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు తెల్లగా ఉండేవి. తర్వాత నిజంగానే నెరిసినప్పుడు మాకెవరికీ కొత్తగా అనిపించలేదు. మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ పక్కపక్కనే, మధ్య గోడ ఒక్కటే. శనివారం సాయంత్రం వాళ్ళ వరండాలో కూడిక జరిగేది. పాటలు, పాస్టరు అయ్యగారి వాక్యం అయ్యాక, టీ ఇచ్చే ముందు అన్నయ్యకు ఐదు నిమిషాలు. ఆ వారం పేపరులో వచ్చిన సైన్సు వార్త ఒకటి కత్తిరించి ఉంచుకునేవాడు. కళ్ళజోడు తుడుచుకుని, "దేవుడు ఈ వారం మనిషికి ఏం తెలియనిచ్చాడో విందాం" అని చదివేవాడు. చదివాక దానికోసం అందరం ప్రార్థన చేసేవాళ్ళం. తర్వాత ఆ ముక్కని మైదా ఉడికించిన బంకతో పాత క్యాలెండరు కాగితాల వెనక అంటించేవాడు. మిగతా సంఘాల్లో ఇలా ఉంటుందో లేదో నాకు తెలియదు. మాకు మాత్రం అది పాటలాగే కూడికలో భాగం.

చంద్రుడి మీద దిగబోయిన మనవాళ్ళ యంత్రం కూలిపోయిందని చదివిన శనివారం, చావింట్లో ఏడ్చినట్టు ఏడ్చి ప్రార్థన చేశాం. ఆ రోజే ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ ఒకావిడ, "అది దిగబోయిన చోటు నుంచి పరలోకం ఇంకెంత దూరం బాబూ?" అని అడిగింది. అన్నయ్య నవ్వలేదు. "అటు కాదు పెద్దమ్మా, వేరే రూటు" అన్నాడు. కరోనా టీకాలో అంత్యదినాల్లో సైతాను వేసే ముద్ర ఉందని సంఘంలో సగం మంది ఇళ్ళల్లో దాక్కున్నప్పుడు, అందరికంటే ముందు చొక్కా చెయ్యి మడిచినవాడు మా అన్నయ్యే. "ముద్ర పడితే ముందు నాకే పడనివ్వండి, చూసి మీరు రండి" అన్నాడు. మర్నాటి నుంచి ఒకరి వెనక ఒకరు వెళ్ళారు.

అప్పటికే ఆయన కిడ్నీలు రెండూ ఎండిపోతున్నాయి. వారానికి మూడు రోజులు బెజవాడ ఆసుపత్రిలో యంత్రం ఆయన రక్తాన్ని బయటికి లాగి, కడిగి, మళ్ళీ లోపలికి పంపేది. సూదులు గుచ్చడానికి ఎడమచేతి మీద నరాలు కలిపి కుట్టారు. అక్కడ చెయ్యి పెడితే తేనెపట్టు మీద పెట్టినట్టు జుమ్మని కొట్టుకునేది. రోజుకు మూడు గ్లాసుల నీళ్ళు, అంతే. కూరలో పులుసు, మజ్జిగ కూడా అందులోకే వస్తాయి. చిన్నప్పుడు ఫెర్రీ దగ్గర కృష్ణలో దూకి, మునిగి, నోటినిండా నీళ్ళు పట్టి మా మీద ఊసిన మనిషి. కొలగ్లాసు పెట్టుకుని వదిన నీళ్ళు పోస్తుంటే, "ఇంకో గుక్కెడు పొయ్యవే, కాలవ ఎండిపోదులే" అనేవాడు. వదిన పోసేది కాదు. వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకునేది.

వదినకు షుగరు ఉంది, ఆమెది పనికిరాదన్నారు. నాది చూశారు, సరిపోయింది. చెల్లెలిది ఇంత బాగా కలవడం అదృష్టమని డాక్టరుగారు అన్నారు. సంఘంలో కొందరు ఆడవాళ్ళకు అనుమానం వచ్చింది: రేపు సమాధుల్లోంచి లేపే రోజున ఒక కిడ్నీతో లేస్తే ఎలా అని. అయ్యగారు అన్నారు, "మట్టిలో కలిసిపోయినవాళ్ళను లేపేవాడికి కిడ్నీ ఒక లెక్కా అమ్మా? అసలు మొదటి ఆపరేషను చేసింది దేవుడే. ఆదామును నిద్రపుచ్చి మరీ పక్కటెముక తీశాడు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాను గాని నాకు మా ఆయన గుర్తొచ్చాడు. ఆపరేషను బల్ల మీదికి ఎక్కి మళ్ళీ దిగలేదు. ఆ తలుపులు మూసుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. ఇస్తానని అందరి ముందూ అన్నాను, మళ్ళీ కాదనడానికి నోరు రాలేదు.

మా ఇళ్ళల్లో ప్రార్థన మనసులో చేసుకోవడం అలవాటు లేదు. గొంతెత్తి చేస్తాం. పక్కింటివాళ్ళకు మా కష్టాలు తెలిసేది అలాగే. వచ్చేవారం వచ్చి సంతకాలు పెట్టమని ఆసుపత్రివాళ్ళు చెప్పిన మర్నాడు, గురువారం మధ్యాహ్నం, తలుపు వేసుకుని మోకరించాను. "ప్రభువా, నీకు తెలియని దారి లేదు. మా అన్నయ్యకు ఇంకో దారి చూపించు. నా ఒంటి మీద కత్తి పడనియ్యకు" అని ఏడ్చాను. ఎంతసేపు చేశానో తెలియదు. ఆమెన్ అన్నాక గోడకు అవతల అన్నయ్య దగ్గు వినిపించింది. గురువారం ఆయనకు ఆసుపత్రి లేదు, ఆ గోడ పక్కనే మంచం. నిద్రలో దగ్గాడనుకున్నాను.

రెండో రోజు శనివారం. అన్నయ్య కళ్ళజోడు తుడుచుకుని పేపరు ముక్క తీశాడు. పరదేశంలో డాక్టర్లు పందిలో ఏవో మార్పులు చేసి, దాని కిడ్నీని మనిషికి కలిపారట. మనిషి ఒళ్ళు దాన్ని తోసెయ్యలేదట. కిడ్నీ పని మొదలుపెట్టిందట. ఇక ముందు కిడ్నీలకు కరువు ఉండకపోవచ్చట. అంతవరకు చదివి ముక్క మడిచాడు. మా సంఘంలో కొత్త సంవత్సరం ఆరాధనలో పళ్ళెంలోంచి తలా ఒక వాగ్దానం కార్డు తీసుకుంటాం. ఎవరికొచ్చిన మాట ఆ ఏడంతా వాళ్ళది. దేవుడు ఒక కొత్త పని మొదలుపెట్టాడు, అది ఇప్పుడే మొలకెత్తుతోంది అన్న మాట ఆ ఏడు అన్నయ్యకు వచ్చింది. ఆయన దాన్ని వరండాలోకి కనిపించేలా మంచం పైన గోడకు అంటించుకున్నాడు. పది నెలలుగా అందరం ఆ కార్డు చూస్తూ, ఎప్పుడు మొలుస్తుందా అనుకుంటున్నవాళ్ళమే. ఆయన వేలెత్తి ఆ కార్డును చూపించాడు. ఇంకేం కావాలి! వదిన లేచి, దేవుడు మా మొర విన్నాడని సాక్ష్యం చెప్పింది. ముందు వరస ముసలమ్మ మాత్రం, "యేసయ్య వెళ్ళగొట్టిన దయ్యాలు పందుల్లోకి పోయాయి కదయ్యా, మరి వాటివి మనకెట్టా?" అంది. "వాటిల్లోకి పోయిన దయ్యాలు అప్పుడే సముద్రంలో పడి చచ్చాయి పెద్దమ్మా, ఇవి వేరే పందులు" అన్నాడు అన్నయ్య. అందరూ పగలబడి నవ్వి స్తోత్రం అన్నారు. అందరికంటే గట్టిగా స్తోత్రం అన్నది నేను.

సోమవారం అన్నయ్య డాక్టరుగారితో ఆపరేషను కొన్నాళ్ళు ఆపమన్నాడు. "పేపర్లో పడ్డవన్నీ రేపే బజారులోకి రావండీ" అని ఆయన కోప్పడ్డారు. "క్రిస్మస్ వెళ్ళనివ్వండి సార్" అన్నాడు అన్నయ్య. అయ్యగారు ఇంటికి వచ్చి, వాగ్దానం దేవుడిదే గాని దాన్ని పేపరుకు ముడిపెట్టింది మనమేనేమో చూసుకోమని మెల్లగా చెప్పారు. అన్నయ్య ఆయనకు వందనాలు చెప్పి, టీ ఇప్పించి పంపాడు.

ఆసుపత్రిలో పక్క మంచం సాయిబుగారు అంత మెల్లగా చెప్పే మనిషి కాదు. ఆయనకు బెంజ్ సర్కిల్ దగ్గర ఫొటోలకు చట్రాలు కట్టే షాపు ఉంది. ఇద్దరికీ ఒకే రోజుల్లో యంత్రం పెట్టేవాళ్ళు, నాలుగేసి గంటలు కబుర్లు. ఆయనకు వాళ్ళ ఆవిడ కిడ్నీ ఇస్తోంది. "ఇక చచ్చేదాకా దెప్పుతుంది అన్నగారూ, నా కిడ్నీ పెట్టుకుని నా మీదే అరుస్తావా అని" అని నవ్వేవాడు. పంది సంగతి వినగానే లేచి కూర్చోబోయాడు. "ఆ మాట మా ఇంట్లో అనకండి, నన్ను గుమ్మం ఎక్కనివ్వరు" అన్నాడు. "ప్రాణం మీదికొస్తే తప్పులేదని మీవాళ్ళూ అంటారటగా" అన్నాడు అన్నయ్య. "అంటారండీ, వేరే దారి లేనప్పుడు. మీ దారి అదిగో, టిఫిను క్యారేజీ పట్టుకుని కూర్చుంది. చెల్లెలు ఇస్తానంటుంటే పంది కోసం చూస్తారేంటండీ!" అన్నాడు సాయిబుగారు. నేను క్యారేజీ గిన్నెల మూతలు సర్దుతూ తలెత్తలేదు. "దాని సంగతి మీకు తెలియదు లెండి. సూదిని చూస్తేనే కళ్ళు తిరుగుతాయి దానికి" అని అన్నయ్య నవ్వేశాడు. అప్పుడైనా, "లేదన్నయ్యా, నేను వస్తాను, రేపే సంతకం పెడతాను" అని ఒక్క మాట అనొచ్చు. నోట్లో మాట నోట్లోనే ఉంది. ఈ రోజుకీ అక్కడే ఉంది.

ఇంకొకటి చెప్పాలి. మా ఇళ్ళ వెనక మురుక్కాలవలో పందులు పొర్లేవి. అన్నయ్య పుదీన మడిని నాలుగుసార్లు తవ్వి పోశాయి. వాటికోసం మంచం కింద గులకరాళ్ళ పోగు ఉండేది. వెనక తలుపులోంచి పడుకునే విసిరేవాడు, గురి తప్పేది కాదు. ఆ శనివారం తర్వాత రాయి వెయ్యడం మానేశాడు. ఒకసారి నేను వెనక కిటికీలోంచి చూశాను. పంది ఒకటి మడిలో పడుకుని ఉంది. అన్నయ్య ఒక్కడే, ఎవరూ చూడటంలేదనుకుని, వెనక గడప మీద దాన్ని అలా చూస్తూ కూర్చున్నాడు.

క్రిస్మస్ వెళ్ళింది. ఒంటికి నీరు పట్టింది, తర్వాత గుండెకు పట్టింది. ఇప్పుడు ఆపరేషను తట్టుకోలేడన్నారు. మంచిశుక్రవారానికి ముందు వారం, పట్టపగలు, యంత్రం తిరుగుతుండగానే పోయాడు. నేను పక్కనే ఉన్నాను. ఎడమచేతి మీద నా చెయ్యి ఉంది. ఆ జుమ్మనే చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఎక్కడ ఆగిందో చెప్పలేను. అప్పటికే ఆపరేషను అయి కోలుకున్న సాయిబుగారు అన్నయ్య ఫొటోకు తనే చట్రం కట్టి తెచ్చాడు. వరండాలో దాన్ని నా చేతికి ఇచ్చి వెళ్ళిపోయాడు.

కోడలికి ఇదంతా ఇవాళే చెప్పాను. "ఆ పేపరు ముక్క ఉందా అత్తయ్యా?" అంది. క్యాలెండరు కాగితాల బొత్తి నా ట్రంకు పెట్టెలోనే ఉంది, ఇన్నాళ్ళూ తెరవలేదు. తీసుకొచ్చాను. ఆ ముక్క పైసగం మాత్రం బంకతో అంటించి ఉంది, కిందిసగం పైకి మడిచి ఉంది. కోడలు మడత విప్పి చదివింది. నేను ఒప్పచెప్పింది అక్షరం తేడా లేకుండా వచ్చింది. తర్వాత అది ఆగలేదు, చదువుతూనే ఉంది. నేను ఎప్పుడూ వినని నాలుగు వాక్యాలు ఉన్నాయి అక్కడ. ఆ కిడ్నీ పెట్టింది అప్పటికే మెదడు చనిపోయి, యంత్రం మీద ఊపిరి ఆడుతున్న మనిషికట. కొద్ది రోజులు చూసి ఆపేశారట. బతికున్న రోగులకు ఇది అందడానికి ఇంకా ఏళ్ళు పడుతుందట. అప్పటిదాకా దగ్గరి బంధువులు ఇచ్చే కిడ్నీయే మేలట. ఆ నాలుగింటి కిందా పెన్సిలు గీత ఉంది. అన్నయ్య గీతే, చీటీలు రాసినట్టు తిన్నగా.

గోడకు అవతల ఆ దగ్గు నాకు ఇవాళ మళ్ళీ వినిపించింది.

మధ్యాహ్నం వదిన దగ్గరకు వెళ్ళి కాగితం చూపించాను. ఆమె చదివి, మడతలోనే మడిచి, "మీ అన్నయ్య నమ్మాడమ్మాయ్. నమ్మకపోతే ఆ పందుల్ని ఎందుకు వదిలేస్తాడు?" అంది. నా ప్రార్థన సంగతి ఆమెకు నేను చెప్పలేదు. నా కోసమే మడిచాడేమో. లేక చివరి ముక్క చదివి కూడా మొదటి ముక్కనే నమ్మాడేమో. మనిషి ఒకే మంచం మీద పడుకుని రెండూ చేయగలడు. ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు గటగటా తాగాను. నా రెండూ పనిచేస్తున్నాయి. పొద్దున కోడలు పక్కన పెట్టుకున్న కాఫీ గడప దగ్గరే తొరక కట్టి ఉంది. దేవుడి దగ్గర వెయ్యేళ్ళు ఒక్క రోజుతో సమానమని అయ్యగారు చెబుతుంటారు. ఆ లెక్కన పొద్దుటి వార్త దాకా బతకడానికి మా అన్నయ్యకు తక్కువైంది కాఫీ చల్లారేంత సేపు.