దుబాయి నుంచి ఆర్మూరుకు ఎన్ని గంటలు

మా చిన్నప్పుడు... ఐదో తరగతి అట్లాసు మీద దారం పెట్టి దుబాయికీ హైదరాబాదుకూ మధ్య దూరం కొలిచాను. రెండున్నర వేల కిలోమీటర్లు తేలింది. విమానానికి నాలుగు గంటలు చాలని మా సారు చెప్పారు. అక్కడి నుంచి మా ఆర్మూరుకు బస్సులో ఇంకో నాలుగు...

నాకా లెక్క ఎందుకంటే, మా నాన్న, బాపు, దుబాయిలో సెంట్రింగ్ పనికి పోయి మూడేళ్లయింది. అమ్మకు కడుపులో గడ్డ ఉంది, ఆపరేషన్ చేయాలన్నారు నిజామాబాద్ దవాఖానలో. బాపు వచ్చాకే చేయించుకుంటానని అమ్మ మొండికేసింది. నొప్పి వస్తే గోడ పట్టుకుని నిలబడేది...

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి విమానమని బాపు పక్కింటి కిరాణా కొట్టుకు ఫోన్ చేసి చెప్పాడు. సాయంత్రం ఐదింటికల్లా ఇంట్లో ఉంటాడని అమ్మకు ధీమాగా చెప్పేశాను.

ఆ రోజు నాలుగింటికే చిన్నమ్మను లాక్కుని బస్టాండుకు పోయాను. చిన్నమ్మ మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరే పని నుంచి అట్లాగే వచ్చింది, చీర నిండా పసుపు దుమ్ము. హైదరాబాదు నుంచి నిర్మల్ పోయే బస్సు వచ్చింది, ఆదిలాబాద్ బస్సు వచ్చింది. ప్రతి బస్సు తలుపు దగ్గరికీ పరుగెత్తాను. ఐదు దాటింది. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర వెనక నడుస్తుందని చిన్నమ్మ సముదాయించింది. ఆ గంటన్నరా అయిపోయింది...

ఇంటికి వచ్చేసరికి కబురు వచ్చి ఉంది. కంపెనీవాళ్లు తమ దగ్గర పెట్టుకున్న బాపు పాస్‌పోర్టు ఇవ్వలేదట, విమానం ఎక్కలేకపోయాడట.

అమ్మ తెల్లారి తలదువ్వుకుని, చిన్నమ్మతో అంది.

"ఇగ నేను ఆగ. సంతకం నువ్వే పెట్టు, నడు."

మొదటి బస్సుకే పోయారు. ఆపరేషన్ మంచిగానే అయింది.

బాపు పదకొండో రోజు వచ్చాడు. అమ్మ కుట్ల మీద దిండు అదుముకుని మంచంలో కూర్చుని ఉంది. నేను దగ్గరికి పోలేదు. గుమ్మంలో నుంచే అడిగాను...

"నాలుగు గంటలే కద బాపు. గిన్ని దినాలెందుకయినయి?"

"నీ లెక్క తప్పు కాదు బిడ్డా. ఇమానం నాలుగు గంటల్లనే తెచ్చింది. దాన్ని ఎక్కేతందుకే పది దినాలు పట్టింది."

అమ్మ అతని ముఖమే చూస్తూ అడిగింది. "మల్ల పోతవా?"

బాపు నలభై రోజులకు మళ్లీ పోయాడు...

ఇప్పుడు మా ఆయన అక్కడే డ్రైవర్. ఫోన్లో రెండు ఊర్ల పేర్లు కొడితే చాలు, దూరం, గంటలు, నిమిషాలు... సముద్రం మీద విమానం ఎక్కడుందో కూడా కనిపిస్తుంది. పోయిన నెల ఆయన వచ్చేటప్పుడు ఆ చిన్న బొమ్మనే చూస్తూ వంటింట్లోకీ వాకిట్లోకీ ఎన్నిసార్లు తిరిగానో. అన్నీ తెలుస్తున్నాయి, కానీ కాలు ఒక్కచోట నిలవదు...

మీరూ ఎవరి కోసమైనా ఇట్లా గంటలు లెక్కపెట్టారా? వాళ్లు చెప్పిన టైముకే వచ్చారా?