కోర్టులో మా అత్తగారి హోల్డాన్

మా అత్తగారు సిటీ బస్సులో ముప్పయ్యేళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. బస్సు ఆవిణ్ణి వదిలింది గాని ఆవిడ బస్సును వదల్లేదు. ఇంట్లో మాట్లాడినా ఆఖరి సీటు దాకా వినపడాల్సిందే. కూర్చోమంటే కూర్చోరు. నిలబడే తింటారు, నిలబడే టీవీ చూస్తారు, నిలబడే నన్ను తిడతారు.

నన్ను తిట్టడానికి ఆవిడకు కారణం అక్కర్లేదు. నా పాత సెల్‌ఫోన్ల కొట్టంటే ఆవిడకు చులకన. పెళ్లయి ఇన్నేళ్లయినా ఎవరికైనా పరిచయం చేస్తే "మా అమ్మాయి మొగుడు" అనేవారే తప్ప, "మా అల్లుడు" అన్న మాట ఆ నోటి వెంట నేను వినలేదు. నేనూ తక్కువవాణ్ణి కాదు. వాళ్లింటికి వెళ్తే రెండో పూటకల్లా ఏదో ఒక పని కల్పించుకుని పారిపోయి వచ్చేవాణ్ణి. అలా మా ఇద్దరికీ సరిపోయింది.

అలాంటి ఆవిడ నాకోసం ప్రభుత్వం మీద కేసు వేశారు.

ఎక్కడో బాంబు పేలింది. ఆ కేసులో పట్టుబడ్డవాడి దగ్గరున్న ఫోను ఒకప్పుడు నా కొట్లో అమ్ముడుపోయినది. మామూలు బట్టల్లో నలుగురు వచ్చి, "రెండు ముక్కలు మాట్లాడాలి, ఇలా రండి" అని నన్ను వ్యానెక్కించుకున్నారు. వీధి వీధంతా చూస్తూనే ఉంది. ఆ రెండు ముక్కలు వారాల తరబడి సాగాయి. ఫోను ఎవరికి అమ్మావంటారు, గుర్తు లేదంటాను, మళ్లీ మొదటికొస్తారు. కిటికీ లేని గది, ఎప్పుడూ ఆర్పని లైటు, కన్ను మూతపడితే తలుపు మీద లాఠీ చప్పుడు. కొట్టారు కూడా. ఆ సంగతి సరదాగా చెప్పడం నాకు చేతకాదు, అందుకని వదిలేస్తున్నాను.

గోడకు అవతల ఎవరో దగ్గేవారు. నేను ఇటు దగ్గితే అటు నుంచి మళ్లీ దగ్గు. కాపలావాడు టీకి వెళ్లిన సందులో ఓ రోజు ఆ దగ్గుకు మాటలొచ్చాయి. "నేను వడ్రంగిని. నన్ను తెచ్చినట్టు మా ఇంట్లో ఎవరికీ తెలీదు. నువ్వు ముందు బయటపడితే ఇక్కడ నేనున్నానని చెప్పు" అన్నాడు. చెప్తానన్నాను. మాటదేముంది, ఎవరైనా ఇస్తారు.

ఇక్కడ మా ఆవిడ ఏడుస్తూ కూర్చుంటే అత్తగారు చెప్పులేసుకున్నారట. స్టేషన్లన్నీ కాళ్లరిగేలా తిరిగారు. ఎక్కడికెళ్లినా "మా దగ్గర లేడమ్మా" అనేవారే.

"నలుగురూ చూస్తుండగా ఎక్కించుకున్నారు కదా. ఎక్కించుకున్నాక మనిషి దిగేదాకా పూచీ మీదే" అన్నారట ఈవిడ.

"అరవకమ్మా, అతని మీద ఉగ్రవాదం కేసు" అన్నాడట ఒక అధికారి.

"లేడన్నారుగా. లేనివాడి మీద కేసెలా పెట్టారు?" అని అడిగి, నేరుగా వెళ్లి ఒక లాయరమ్మను పట్టుకున్నారు. టైర్ల కొట్టు పైన చిన్న గది ఆవిడ ఆఫీసు. ఇలాంటి కేసులే వాదిస్తారని పేరు పడ్డారు, దాంతో వేరే కేసు ఆ మెట్లెక్కదు. ఆవిడ హైకోర్టులో హెబియస్ కార్పస్ వేశారు. తీసుకెళ్లిన మనిషిని తెచ్చి కళ్లముందు నిలబెట్టమని అడగడమే అది. "ఇంత చిన్న మాటకు అంత పెద్ద పేరెందుకు?" అన్నారట అత్తగారు.

మాకు తెలీదు, మాకు తెలీదు అంటూ ప్రభుత్వం నెట్టుకొచ్చింది. జడ్జికి విసుగొచ్చి, ఈసారి మనిషిని తేకపోతే పెద్ద అధికారే వచ్చి తన ముందు నిలబడాలన్నారు. దాంతో లేనివాణ్ణి కాస్తా ఉన్నవాణ్ణయ్యాను. నాకు గడ్డం గీయించి, కొత్త చొక్కా తొడిగి మళ్లీ వ్యానెక్కించారు.

"నీ ఇష్టంతోనే మా గెస్ట్‌హౌస్‌లో ఉండి విచారణకు సాయం చేశానని చెప్పు. సాయంత్రానికి ఇంట్లో ఉంటావు" అన్నాడు పక్కన కూర్చున్న ఆఫీసరు. "కాదంటావా, కేసు రాసి పెట్టే ఉంది. నీ పిల్ల చదువు పూర్తయ్యేదాకా బెయిలు కూడా రాదు."

సరేనన్నాను. అసలే నోట్లో నాలుక లేనివాణ్ణి. వడ్రంగి గుర్తు రాలేదా అంటే వచ్చాడు. నా పిల్ల అంతకంటే ముందు గుర్తొచ్చింది.

కోర్టు హాల్లో మా ఆవిడ నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్రభుత్వ లాయరు లేచి, ఇతను తన ఇష్టంతోనే మా గెస్ట్‌హౌస్‌లో ఉన్నాడని చెప్పాడు. "అక్కడ మీ ఇష్టంతోనే ఉన్నారా?" అని అడిగారు జడ్జి. నేను నోరు తెరిచాను.

"హోల్డాన్" అని వినపడింది వెనక నుంచి.

ముప్పయ్యేళ్లు ఆ కేకతో బస్సు ఆపించిన అలవాటు మరి. హాలంతా బస్సాగినట్టు ఆగిపోయింది. జడ్జి కళ్లజోడు సర్దుకుని, "ఎవరమ్మా మీరు? కూర్చోండి" అన్నారు.

"కూర్చునే అలవాటు లేదండీ. కేసు వేసింది నేనే. ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. ఈ మనిషి మా అమ్మాయి మొగుడు. వేళకు వండిపెట్టి, మెత్తటి పరుపేసి, ఉండు నాయనా అంటే మా ఇంట్లోనే ఏనాడూ రెండో పూట ఉండలేదు. వీళ్ల దగ్గర ఇష్టపడి ఇన్నాళ్లున్నాడంటే నేను నమ్మనండి."

హాలంతా గొల్లున నవ్వింది. ప్రభుత్వ లాయరు కూడా ఫైలు చాటున నవ్వుకున్నాడు. జడ్జి మాత్రం నవ్వలేదు, ఆవిణ్ణి ఆపనూ లేదు. అత్తగారు నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. ఆవిడకు ఆ విద్య కూడా వచ్చని నాకు అప్పటిదాకా తెలీదు.

"ఎక్కడ ఎక్కించారో, ఎక్కడ దించారో ఉన్నదున్నట్టు చెప్పు. తర్వాత ఏమొచ్చినా మేమున్నాం."

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పాను. గది, లైటు, లాఠీ, వ్యానులో ఆఫీసరు పెట్టిన బేరం. ఆఖర్న, "నా పక్క గదిలో ఒక వడ్రంగి ఉన్నాడండి. ఇంకా అక్కడే ఉన్నాడు" అన్నాను.

అక్కడ ఎవరూ లేరన్నాడు ఆఫీసరు.

"చూస్తే పోతుంది" అన్నారు జడ్జి. "ఈయన్ని పొద్దున ఎక్కణ్ణుంచి తెచ్చారో అక్కడికి మా రిజిస్ట్రారును వెంటబెట్టుకుని ఇప్పుడే వెళ్లండి. మీ ఫోన్లు మాత్రం ఈ బల్ల మీద పెట్టి వెళ్లండి."

ఆఫీసరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. నా ముఖం అంతకంటే బాగుందని చెప్పను. ఈలోపు వడ్రంగిని ఇంకెక్కడికైనా మార్చేసి ఉంటే నేను అబద్ధాలకోరును, రాసి పెట్టిన కేసు నాకోసం కాచుకునే ఉంది. మా ఆవిడ పక్కన కూర్చుని తలుపు వైపే చూస్తూ ఉండిపోయాను. అత్తగారు నిలబడే ఉన్నారు.

పొద్దు వాలుతుండగా తలుపు తెరుచుకుంది. రిజిస్ట్రారు వెనకాల ఒక పొట్టి మనిషి, పగటి వెలుతురు పడక కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చాడు. ఆ ముఖం నేనెన్నడూ చూసింది కాదు. అతను దగ్గాడు. నేను లేచి నిలబడి దగ్గాను. అతను చెయ్యి దించి నా వైపు చూశాడు.

"ఈయన తరఫున ఎవరైనా ఉన్నారా?" అని జడ్జి హాలంతా కలియజూశారు. తీసుకెళ్లినట్టే ఎవరికీ తెలియని మనిషికి ఎవరుంటారు?

"ఉన్నానండి" అన్నారు అత్తగారు.

"మీరు ఈయనకు ఏమవుతారు?"

అత్తగారు నా వైపు చెయ్యి చూపించారు.

"మా అల్లుడి పక్క సీటండీ."

మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. నేను వినే ఉన్నాను.