చుట్టల పెట్టె గిటారుకు ధర కట్టిన వేసవి

1979 చలికాలంలో మా ఆయనకు ఢిల్లీ కంటోన్మెంటుకు బదిలీ అయింది. ఆయన అప్పుడు హవల్దారు. క్వార్టర్ దొరికిన కొన్నాళ్ళకే, జవాన్ల కుటుంబాల కోసం నడిచే సంక్షేమ కేంద్రంలో నేను పనికి చేరాను. అక్కడ కుట్టుపని, అల్లికలతో పాటు ఒక చెక్కపని గది ఉండేది. ట్రేలు, నగల పెట్టెలు చేసి నగరంలోని దుకాణాలకు పంపేవారు. ఆ గదిలో పనివాళ్ళకు మూడు అంచెలు: హెల్పర్, కారీగర్, ఉస్తాద్. హెల్పర్ గరుకు కాగితం రుద్దాలి, జిగురు కాచాలి. కారీగర్ అంటే ఒక వస్తువును మొదటి నుంచి చివరిదాకా తానే చేసి, దానికి తానే జవాబు చెప్పే మనిషి. ఉస్తాద్ అందరి పనీ చూసి పాస్ చేస్తాడు. నన్ను హెల్పర్‌గా తీసుకున్నారు.

మాది బొబ్బిలి ప్రాంతం. మా నాన్న వీణలు చేసేవాడు. ఆడపిల్లల చేతికి ఉలి ఇచ్చేవారు కాదు గాని మైనం పని మాదే. వీణ దండి మీద మెట్లను మేకులతో కొట్టరు. తేనెమైనంలో గుగ్గిలం, బొగ్గుపొడి కలిపి కాచి, ఆ నల్లటి ముద్దను రెండు గట్లుగా పెట్టి, వాటి మీద ఇత్తడి మెట్లు నిలబెడతారు. తీగ మీటి వింటూ ఒక్కో మెట్టునూ వెంట్రుకవాసి జరిపి స్వరానికి కుదురుస్తారు. దీన్ని మా ఇంట్లో మేళం కట్టడం అనేవారు. కొన్నాళ్ళు వాయించాక మైనం సర్దుకుని మెట్లు కాస్త కదులుతాయి. అప్పుడు ఆ వీణ మళ్ళీ మా గుమ్మంలోకి వచ్చేది. మొదటిసారి తిరిగి కట్టినందుకు నాన్న ఏమీ పుచ్చుకునేవాడు కాదు. అది మొదటి ధరలోనే ఉందనేవాడు.

మా కేంద్రాన్ని నడిపేది మెహ్రా మేడమ్, ఒక కల్నల్ గారి భార్య. విదేశీయుల ఇళ్ళ నుంచి పాతసామాన్లు కొనే కబాడీవాలా పోగుచేసిన చెక్క పెట్టెలను ఆమె ఒకసారి బస్తాలకొద్దీ కొన్నది. పల్చటి ఎర్ర చెక్క, మంచి వాసన. చుట్టల పెట్టెలన్నారు. మా నాయనమ్మ చుట్టలను బొడ్లో దోపుకునేది. చుట్టకు ఒక పెట్టె, ఆ పెట్టెకు ఇత్తడి గొళ్ళెం ఉంటాయని నేను ఢిల్లీ వచ్చాకే చూశాను. వాటికి మఖమలు అతికించి నగల పెట్టెలుగా మార్చమని మాకు పని ఇచ్చారు. నేను ఒకదాన్ని వేలితో తట్టాను. వీణకు వాడే మంచి పనసచెక్క తడితే పలికినట్టే పలికింది.

అనుమతి అడిగి, ఆ పెట్టెకు టేకు ముక్కను దండిలా బిగించి, మూడు తీగలు కట్టి, మైనం మీద మెట్లు నిలిపాను. అమెరికాలో డబ్బులేని వాళ్ళు ఇలాగే చుట్టల పెట్టెతో గిటారు చేసుకునేవారని మేడమ్ చెప్పింది. నాకు తెలిసింది వీణ కాబట్టి నేను చేసింది సగం అదీ, సగం ఇదీ అయింది. ఆమెకు నచ్చింది. నాకూ, హర్యానా నుంచి వచ్చిన కమలకూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళకూ కలిపి ఒక బల్ల కేటాయించింది. సరుకు నిలదొక్కుకుంటే నలుగురికీ కారీగర్ అంచె. లేకపోతే బల్ల ఎత్తేసి, అందరం మళ్ళీ ట్రేలకు గరుకు కాగితం రుద్దడమే. ఈ షరతు మొదటి రోజే చెప్పింది.

ధర కట్టడానికి కేంద్రంలో ఒకటే పద్ధతి. సామాను ఖర్చు, పట్టిన గంటలకు కూలి, ఆపైన కేంద్రం వాటా. మా గిటారులో పెట్టె పాతది, దండి మిగులు చెక్క. మేళం కట్టడం ఆ లెక్కలో ‘ఫినిషింగ్’ కింద పడింది. అంటే చెవి పెట్టి స్వరం కుదిర్చిన గంటకూ, వార్నిష్ పూసిన గంటకూ ఒకటే కూలి. చివరికి గిటారు ధర టీ ట్రే ధరకు కాస్త పైన తేలింది. కన్నాట్ ప్లేస్‌లో కానుకల దుకాణం నడిపే ఖన్నా గారు మొదటి విడత తీసుకెళ్ళారు.

మే నెలలో వడగాలి మొదలైంది. ఒక ఉదయం ఖన్నా గారు గిటార్లను ఆటోలో వేసుకుని వచ్చి మా బల్ల మీద వరసగా పరిచారు.

“దీదీ, మీ మెట్లు నడక నేర్చుకున్నాయి. చూడండి, ఇది ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చిందో!”

పడమటి ఎండ పడే అద్దాల వెనక వాటిని వేలాడదీశారట. నేను మైనం కలిపింది మా ఊరి పాళ్ళలో. ఢిల్లీ ఎండకు, అందులోనూ అద్దం వెనక, ఆ పాళ్ళు చాలవు. గుగ్గిలం పెంచాలి. అది నాకు చూడగానే తెలిసింది. ఖన్నా గారి ఆలోచన వేరు. మైనం మానేసి, మెట్లకు బదులు తీగముక్కలను మేకులతో కొట్టెయ్యమన్నారు. ధర సగం చేస్తే పిల్లల బొమ్మల అరలో పెట్టి ఎన్నయినా అమ్ముతానన్నారు. మేడమ్ అభ్యంతరం చెప్పలేదు. ఆమెకు కావలసింది నడిచే సరుకు.

కమల బల్ల కింద నా కాలు తొక్కింది. “బోల్ నా, నర్సమ్మా! క్వార్టర్లో అంత నోరుంది, ఇక్కడ తాళం పడిందా?”

ధర తగ్గించవద్దని, పెంచాలని నేను మేడమ్‌తో అన్నాను. ఖన్నా గారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు.

“వాహ్! సరుకు పాడైతే ధర పెరుగుతుందా? ఇది ఏ బజారులో, దీదీ?”

మేళానికి వేరే ధర కట్టాలని, అందులోనే ఒకసారి తిరిగి కట్టి ఇవ్వడం కలిసి ఉండాలని చెప్పాను.

“ఇదేమన్నా స్కూటరా, ఫ్రీ సర్వీసు ఇవ్వడానికి?”

“స్కూటర్‌కైతే మీరు అడక్కుండా ఊరుకుంటారా, భయ్యా?”

మేడమ్ నవ్వింది గాని ఒప్పుకోలేదు. ఒక అవకాశం మాత్రం ఇచ్చింది. శనివారం నేను ఖన్నా గారి దుకాణానికి వెళ్ళి, అక్కడే, కొనేవాళ్ళ ఎదుట మేళం కట్టాలి. కొత్త ధరకు జనం కొంటే సరే. లేకపోతే సోమవారం నుంచి మేకులు. ఖన్నా గారు సరేనన్నారు. ఊరికే వచ్చే తమాషా ఎవరు కాదంటారు?

ఇంట్లో చెబితే మా ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. “ఏటే నువ్వు? ఆడు సరుకెనక్కి అట్టుకొస్తే ధర పెంచమన్నావా? రేపు అందరూ ‘ఎవడి పెళ్ళామురా ఈవిడ’ అంటే నేనేటి సెప్పాల?” అన్నాడు. మర్నాడు ఖారీ బావలీ బజారు దాకా వెళ్ళి మంచి గుగ్గిలం ఏరి తెచ్చింది కూడా ఆయనే. కొత్త పాళ్ళతో ఒక మేళం కట్టి క్వార్టర్ మిద్దె మీద ఎండలో వదిలేశాం. సాయంత్రం తీగ మీటితే ఏ మెట్టూ తప్పలేదు.

శనివారం తిరిగొచ్చిన గిటార్లు పక్కన పెట్టుకుని, దుకాణం వరండాలో బొగ్గుల కుంపటి ముందు కూర్చున్నాను. కమల విసనకర్రతో విసురుతోంది. మైనం వాసనకే సగం మంది ఆగారు. చాలామంది చూసి పోయారు. ధర అడిగిన వాళ్ళు కూడా విని పోయారు. ఖన్నా గారు గల్లా దగ్గర నుంచి నా వైపు చూసి కనుబొమలు ఎగరేసేవారు.

మధ్యాహ్నం ఒక కుర్రవాడు గిటారు పట్టుకుని నేరుగా గల్లా దగ్గరికి వెళ్ళి డబ్బు వెనక్కి ఇమ్మన్నాడు. జియా సరాయ్‌లో గది తీసుకుని ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నేను కమలతో మాట్లాడుతూ తెలుగు మాట దొర్లించేసరికి తిరిగి చూశాడు.

“ఆంటీ, మీరు తెలుగా? ఇది మీరు చేసిందేనా? కింద బాగానే ఉంటుంది, పైకి వెళ్తే అపస్వరం. మా రూమ్మేట్లు పారేస్తామంటున్నారు.”

“గిటారునా, నిన్నా?” అన్నాను. అతను నవ్వి కూర్చున్నాడు.

ఏ శృతికి పాడతావని అడిగితే సిగ్గుపడుతూనే అందుకున్నాడు. తీగలను ఆ శృతికి బిగించాను. పాత మైనం గీకేసి కొత్తది పెట్టి, అతన్నే మీటమని, ఒక్కో మెట్టునూ జరుపుతూ వచ్చాను. మా నాన్న పని ముగించేది ఇలాగే, వాయించే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని. మైనం ఆరాక అతను కింద నుంచి పైదాకా వాయించాడు. తర్వాత ఒక కీర్తన మొదలుపెట్టాడు. నేను తల ఎత్తి చూస్తే వరండా మెట్ల కింద జనం నిలబడి ఉన్నారు.

ఖన్నా గారు డబ్బు తీసి ఇవ్వబోయారు. కుర్రవాడు వద్దన్నాడు. ఈ పనికి ఎంతివ్వాలని నన్ను అడిగాడు. ఏమీ ఇవ్వక్కర్లేదని, అది అతను కొన్న ధరలోనే ఉందని చెప్పాను. నిజానికి ఆ విడత ధరలో అది లేదు. ఉండి ఉండాల్సింది.

అంతా చూస్తున్న ఒక విదేశీ ఆవిడ, ఇంకోటి తన ఎదుట ఇలాగే కట్టి ఇస్తారా, ధర ఎంత అని అడిగింది. ఖన్నా గారు కళ్ళు కూడా ఆర్పకుండా ఒక ధర చెప్పారు. అది నేను కోరిన దానికన్నా ఎక్కువ. ఆవిడ బేరమాడలేదు. నేను ఆయన వైపు చూశాను. “స్కూటర్ కదా, దీదీ!” అన్నారు. దుకాణం మూసే వేళకు తిరిగొచ్చిన వాటిలో ఒక్కటే మిగిలింది, అదీ మూత చీలినది.

సోమవారం మేడమ్ ధర చీటీ మార్చింది. పైన పెట్టె, దండి, కూలి ఒక వరస. దాని కింద మేళం, ఒకసారి తిరిగి కట్టడంతో సహా, ఇంకో వరస. నలుగురికీ కారీగర్ అంచె వచ్చింది. కమల ఆ రోజే ఖన్నా గారి చేత జిలేబీలు తెప్పించింది. మేకుల మాట మళ్ళీ రాలేదు.

అప్పటికి నాకు ఏ భాషలోనూ అక్షరం రాదు. కేంద్రంలో సాయంత్రం క్లాసులో ముందు హిందీ నేర్చుకున్నాను, తర్వాత మా ఆయన దగ్గర తెలుగు. అప్పటినుంచి చీటీ మీద ‘మేళం’ అన్న మాట నేనే తెలుగులో రాసేదాన్ని. ఖన్నా గారు కాదనలేదు. చదవలేనిది రాసి ఉంటే జనం ఇంకాస్త ఇస్తారన్నారు.

ఆ గదిలో ఉస్తాద్‌గా పని విరమించాను. ధర ఎలా కట్టాలని కొత్తవాళ్ళు అడిగినప్పుడు, చేసేటప్పటి పనితో పాటు, వస్తువు తిరిగి వచ్చిన రోజున చేయవలసిన పనిని కూడా ముందే కలుపుకోమనేదాన్ని. కలుపుకోని సరుకు తిరిగొస్తే చేసినవాళ్ళు తప్పించుకు తిరుగుతారు. కలుపుకున్న సరుకు తిరిగొస్తే, కుంపటి రాజేసి కూర్చుంటారు.