గొట్టంలో ఆగిన గుండు

2019 చలికాలంలో దోహా శివారులోని ఒక ప్రైవేటు షూటింగ్ శిక్షణ కేంద్రంలో ఆర్మరర్‌గా చేరాను. తుపాకుల మరమ్మతు, తనిఖీ చూసే ఉద్యోగం అది. అంతకుముందు సైన్యంలో, మందుగుండు డిపోల్లో పనిచేసి సుబేదారుగా రిటైరయ్యాను. ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం భద్రతా సిబ్బందిని తయారుచేస్తున్న రోజులవి. బ్యాచ్ వెనక బ్యాచ్ వస్తుండేది.

కేంద్రంలో ప్రభుత్వ అనుమతి ఉన్న రీలోడింగ్ గది ఒకటి ఉండేది. పిస్టల్ పేల్చాక కింద పడిన ఇత్తడి తొడుగును శుభ్రం చేసి, మందును అంటించే కొత్త ప్రైమర్, మందు, గుండు అమర్చి మళ్ళీ తూటాగా చేయడమే రీలోడింగ్. అలాంటి తూటాలు సాధనకు మాత్రమే వాడతారు. ఆ గదిలో ఇద్దరు పనిచేసేవారు. యంత్రం ముందు కూర్చునేది జగిత్యాల వైపు నుంచి వచ్చిన నర్సయ్య. పక్కనే కడుతున్న లుసైల్ నగరంలో ఇనుప కడ్డీలు కడుతూ నడుం పాడుచేసుకుని ఈ పనికి మారాడు. రెండో మనిషి నేపాలీ. గుండు అమర్చే ముందు ప్రతి తొడుగులోకీ టార్చి వేసి, మందు పడిందో లేదో చూడడమే అతని డ్యూటీ.

నర్సయ్యకు పని నేర్పింది నేనే. మొదటిరోజు ప్రైమర్ల పెట్టె ముట్టుకోవడానికే జంకాడు.

"చెయ్యి తప్పితే పేలుతదా సార్?" అన్నాడు.

"నీ తప్పు నీ దగ్గర పేలదు. రేంజిలో ఇంకొకరి చేతిలో పేలుతుంది" అన్నాను. అతను తల ఊపి పని మొదలుపెట్టాడు.

మందు ఎక్కువైతే ప్రమాదమని ఎవరైనా ఊహిస్తారు. అసలు పడకపోయినా ప్రమాదమే. అప్పుడు ప్రైమర్ ఒక్కటే అంటుకుంటుంది. ఆ బలానికి గుండు గొట్టంలోకి కొంతదూరం జరిగి ఇరుక్కుపోతుంది. మామూలుగా సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ప్రతి పేలుడు తర్వాత తనంతట తానే ఖాళీ తొడుగును విసిరేసి, తర్వాతి తూటాను లోపలికి తీసుకుంటుంది. ఇలా జరిగినప్పుడు కదలదు. తుపాకి మొరాయించిందనుకుని చేత్తో లాగి మళ్ళీ కాలిస్తే, రెండో గుండు మొదటిదాన్ని ఢీకొని గొట్టం పగులుతుంది.

కొన్నాళ్ళకు దిగుమతి తూటాల రవాణా ఆలస్యమై, సాధనకు మా గదిలో చేసిన తూటాలే ఎక్కువ కావలసి వచ్చాయి. మేనేజరు శ్రీనాథ్ విజయవాడ వాడు, పైనుంచి ఒత్తిడిలో ఉన్నాడు. పాత యంత్రం తీసేసి, ఒక్క పిడి లాగుడుతో అన్ని దశలూ సాగే కొత్త యంత్రం తెప్పించాడు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత టార్చి మనిషిని తీసి పార్కింగ్ డ్యూటీలో వేశాడు. ఆ యంత్రంలో మధ్యలో ఏదైనా ఇరుక్కుని, సరిచేసి మళ్ళీ మొదలుపెడితే, ఒక తొడుగు మందు లేకుండానే ముందుకు పోయే వీలుంది. అందుకే ఆ మనిషి ఉండాలని శ్రీనాథ్‌తో చెప్పాను.

"మీరు తుపాకులు చూసుకోండి సార్, ఆ గది నా కింద ఉంది" అన్నాడు. అతను చెప్పింది నిజమే. ఆ గది నా అధికారంలో లేదు.

ఫిలిప్పీన్స్ పోలీసు శాఖ నుంచి వచ్చిన ఆర్నెల్ మా సీనియర్ ఇన్‌స్ట్రక్టర్. ఒక ఉదయం వరుసగా కాలుస్తూ శిష్యులకు చూపిస్తున్నాడు. నేను వెనకాల నిలబడి ఉన్నాను. ఒక తూటా శబ్దం తేలిపోయింది. ఆగమని అరిచాను. అందరి చెవులకూ శబ్దాన్ని అడ్డుకునే మఫ్‌లున్నాయి. అతని చేతులు ఏళ్ళ అలవాటు ప్రకారం పిస్టల్ పైనుండే స్లైడ్‌ను లాగి మళ్ళీ కాల్చాయి. గొట్టం పగిలింది. కళ్ళద్దాలు కళ్ళను కాపాడాయి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. నేలమీద కూర్చుని తన చేతినే చూసుకుంటూ ఉండిపోయాడు.

పోలీసులు వచ్చేలోపు శ్రీనాథ్ నర్సయ్యను ఆఫీసులోకి పిలిపించి, అరబీలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. నర్సయ్య బయటికొచ్చి నన్ను అడిగాడు.

"ఫోన్ల మాట్లాడుకుంట పనిచేసిన అని రాసిండ్రట సార్. పెడితే ఇంటికి పంపుతరట, లేకుంటే జైలంటున్నరు. ఏం జెయ్యమంటరు?"

"మాట్లాడావా?"

"ఫోను గేటు కాడనే గుంజుకుంటరు గద సార్."

సంతకం పెట్టవద్దన్నాను. దర్యాప్తు అధికారి ముందు, అదే యంత్రం మీద ప్రైమరూ మందూ లేకుండా ఉత్త తొడుగులు పెట్టి, పని మధ్యలో ఆపి మళ్ళీ నడిపి చూపించాను. మందు పోసే మీట కదలకుండానే ఒక తొడుగు ఆ దశ దాటి ముందుకు పోయింది. బల్ల దగ్గర కూర్చున్నవాడికి అది కనిపించదు. దీన్ని కనిపెట్టడానికి రెండో మనిషి లేడా అని అధికారి అడిగాడు. పార్కింగ్‌లో ఉన్నాడని చెప్పాను. మిగిలిన తూటాలు విప్పిస్తే మందు లేనివి ఇంకా బయటపడ్డాయి.

నర్సయ్య మీద కేసు పెట్టలేదు. అయినా కంపెనీ అతని వీసా రద్దుచేసి పంపించేసింది. విమానాశ్రయానికి బయల్దేరుతూ, "జైలు దప్పింది సార్, గదే శాన" అన్నాడు. ఆర్నెల్ మళ్ళీ తుపాకి పట్టలేదు. శ్రీనాథ్‌ను మరో శాఖకు మార్చారు. నా కాంట్రాక్టు పొడిగించలేదు.

మందుగుండు పనిలో రెండో మనిషి చూపు తూటా తయారీలో ఒక భాగం. దాన్ని తీసేసిన రోజున బల్ల మీదున్నది సగం పూర్తయిన సరుకు. ఆ మాట మేనేజరుతో చెప్పి ఊరుకుంటే సరిపోదు. పని ఆపించే అధికారం ఎవరికుందో కనుక్కుని వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. ఈ వృత్తిలోకి వచ్చేవారు ముందుగా తెలుసుకోవలసింది అదే.