కొత్త అల్లుడి ఇటుకల పొయ్యి

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ ఉండేది కాదు, ఇంకా చేసి చూడని పనులు ఉండేవంతే. ఫోన్‌లో ఒక వీడియో చూస్తే చాలు, చేతులు దురద పెట్టేవి. పెళ్ళయిన కొత్త. ఇంటి నుంచే ఆఫీసు పని కాబట్టి పిఠాపురం దగ్గర అత్తవారి ఊళ్ళో మకాం వేశాను. పొద్దస్తమానం లాప్‌టాప్ ముందు కూర్చునే నన్ను చూసి మా ఆవిడ పెదనాన్నగారు, "అల్లుడుగారు బంగారమండి, చేతిపనే బొత్తిగా రాదు పాపం" అన్నారట. ఆ మాట మా ఆవిడ నవ్వుతూనే చెప్పింది గానీ, తన ముఖం చిన్నబోయింది. దాంతో నాకు పౌరుషం వచ్చి, పెరట్లో ఇటుకల పొయ్యి కట్టి చుట్టాలందరికీ పిజ్జాలు కాల్చి పెడతానని ప్రకటించేశాను.

పొయ్యి వేడి కిందికి దిగిపోకుండా అడుగున ఒక పొర వేయాలి. తేలికపాటి సరుకేదైనా బంకమట్టిలో కలిపి వేయమన్నాడు వీడియోలో పెద్దమనిషి. మన వైపు వరి ఊక ఉండగా ఇంకేం కావాలి? కొట్టుగదిలో ఒక బస్తా కనబడితే తెచ్చి, మట్టిలో గుమ్మరించి, ప్యాంటు మడిచి కాళ్ళతో తొక్కాను. (ఫొటోలు కూడా దిగాను.) దాన్ని పెరట్లో ఉన్న అరుగు మీద జానెడు మందాన పరిచి, బీటలు తీయకుండా తడి గోనెసంచులు కప్పి, పూటపూటా నీళ్ళు చల్లాను. మావగారు ఓసారి వచ్చి సంచి అంచు ఎత్తి చూసి, ఏదో అనబోయి ఆగిపోయారు. "ఎలా ఉందండి?" అన్నాను. "మీరు చేశాక బాగోకపోవడమేంటండీ!" అనేసి చేలోకి వెళ్ళిపోయారు. అత్తగారు కూడా "చాలా బాగుందండి" అని మజ్జిగ గ్లాసు చేతికిచ్చారు. నేను పొంగిపోయాను. కొత్త అల్లుడు ఏం చేసినా ఆ ఇంట్లో అడ్డు చెప్పరన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఆదివారం చుట్టాలంతా దిగారు. మొదటి ఇటుక పెదనాన్నగారి చేతే పెట్టిద్దామని, అందరి ముందూ దర్జాగా సంచులు లాగాను. అరుగంతా ఒత్తుగా వరి మొలకలు! నేను ఊక అనుకున్నది వడ్లు తూర్పారబట్టాక అత్తగారు కోళ్ళ కోసం దాచిన తాలు. అందులో గట్టి గింజలూ బోలెడు ఉన్నాయి. (కాకినాడలో పుట్టి పెరిగిన నాకు ఊకా తాలూ ఒకటే.) విత్తనాలు మొలకెత్తడానికి రైతులు తడి గోనెలు కప్పి మండె కడతారు చూడండి, నేను వారమంతా శ్రద్ధగా చేసింది అదే. ఎవరూ నవ్వలేదు. నన్ను చంపేసింది ఆ మర్యాదే. చివరికి పెదనాన్నగారు గొంతు సవరించుకుని, "నారు దివ్యంగా వచ్చిందండి. ఊడ్పులు ఎప్పుడు పెట్టుకుందాం?" అన్నారు. ఇక పెరడంతా గొల్లుమంది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నవ్వో ఏడుపో ఇప్పటికీ అడగలేదు, అంత ధైర్యం నాకు లేదు.

మొన్న మా మరదలి భర్త అదే పెరట్లో నీళ్ళ మోటారు విప్పాడు. (పెళ్ళయి ఇంకా నెల కాలేదు.) చెమటలు కక్కుతూ మళ్ళీ బిగించాక రెండు ముక్కలు మిగిలాయి. వాటిని ఎవరికీ కనబడకుండా జేబులో వేసుకున్నాడు. మావగారు, అత్తగారు పక్కనే నిలబడి మెచ్చుకుంటున్నారు. "ఎలా ఉందండి అన్నయ్యగారూ?" అని నన్ను అడిగాడు. నిజం నోటిదాకా వచ్చింది. కానీ ఆ ముఖంలో వెలుగు నాకు తెలిసినదే.

"చాలా బాగుందండి" అని మజ్జిగ గ్లాసు చేతికిచ్చాను.